కథ అయ్యాకే గరిటె

ఆ అచ్చాఫీసు వంటాయనకు ఒక్కటే జబ్బు. వంటకం పుట్టుపూర్వోత్తరాలు చెప్పనిదే గరిటె ఎత్తడు. ఆకలితో ప్రాణం పోతోందని మొత్తుకున్నా, ముందు పులావు వంశచరిత్ర వినాలి, ఆ తర్వాతే పులావు.

ఈ శిక్షను అందరికన్నా ఎక్కువ అనుభవించినవాడు గుమాస్తా. ఒంటిగంటకల్లా ఆయన కడుపులో ఎలుకలు పరిగెత్తేవి. కంచం పట్టుకుని వరసలో అందరికన్నా ముందు నిలబడేవాడు. నిలబడేవాడంతే.

"సమోసాకి మూడే కొసలెందుకో తెలుసా గుమాస్తా గారూ?"

"తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. పెట్టండి."

"ఓ రాజుగారికి ముగ్గురు భార్యలండీ. కరకరలాడే కొస నాకంటే నాకని జుట్లు పట్టుకున్నారు. వంటవాడు తలకో కొస చేసిచ్చాడు."

"నలుగురుంటే?"

"రాజుగారు మిగిలేవాడు కాదండీ."

ఆ రాజు ఏ కాలం వాడని అడిగితే వంటాయనకు హఠాత్తుగా చెవుడొచ్చేది. అన్నీ కోతలే. ఒకరోజు కథ రెండు ముక్కల్లో తేలిపోయేది, మరోరోజు వంటవాడి ముత్తాత దాకా సాగేది. అంతా ఆయనగారి దయ. వంట మాత్రం అమృతం కాబట్టి జనం పారిపోలేదు.

చివరికి గుమాస్తా ఓపిక నశించి కొత్త మేనేజరుకు ఫిర్యాదు చేశాడు.

"రేపట్నుంచి కథలు బంద్. మళ్ళీ మొదలుపెడితే ఇంకో పని చూసుకోండి," అన్నాడు మేనేజరు.

"అలాగేనండి," అన్నాడు వంటాయన.

మర్నాడు నిశ్శబ్దంగా వడ్డన జరిగింది. గుమాస్తా రెండుసార్లు పెట్టించుకుని, విజయగర్వంతో త్రేన్చాడు. అందరూ తినేశాక, పై అంతస్తు నుంచి బైండింగు అక్క దిగింది. మోకాళ్ళ నొప్పులు పాపం, మెట్టుమెట్టుకీ ఆగి రావాలి. అప్పటికి గిన్నెలో మాడు తప్ప ఏమీ లేదు.

"ఇవాళ కథ లేదేంటన్నయ్యా? రోజూ నేనొచ్చి కూర్చునేసరికి సరిగ్గా అయిపోయేది," అందామె, మాడు గీకించుకుంటూ.

చెయ్యి కడుక్కుంటున్న గుమాస్తా ఆ మాట విన్నాడు. ఆమె వెళ్ళాక వంటాయనను అడిగాడు.

"విడిగా తీసి ఉంచొచ్చుగా?"

"ఓసారి ఉంచానండి. నేనేమన్నా అడుక్కునేదాన్నా అని చాన్నాళ్ళు కిందికే రాలేదు."

గుమాస్తాకు నిజంగా సిగ్గేసింది.

మర్నాడు కిచిడీ. మేనేజరు స్వయంగా వచ్చి కూర్చున్నాడు. వంటాయన నోరు మూసుకుని గరిటె ఎత్తాడు. అక్క ఇంకా మెట్ల మీదే ఉంది. గుమాస్తా తన కంచాన్ని గిన్నెకు అడ్డం పెట్టాడు.

"ఆగండి. ఈ కిచిడీ ఎలా పుట్టిందో నేను చెప్తా."

లెక్కల్లో ఏనాడూ ఒక్క అబద్ధం రాయని మనిషి గొంతు సవరించుకున్నాడు.

"ఓ గాడిద మీద బియ్యం మూట, పెసరపప్పు మూట వేశారు. అది ఏట్లో పడింది."

"తర్వాత?" అన్నాడు మేనేజరు.

"తర్వాత... గాడిద ఈదింది."

"ఆ తర్వాత?"

"ఇంకాస్త ఈదింది."

వంటాయన ఇక తట్టుకోలేకపోయాడు. "గాడిదనొదిలేయండి. తడిసిన మూటలు గట్టుకు చేరాయి. అక్కడో ముసలమ్మ పొయ్యి మీద నెయ్యి కాగుతోంది. ముందు జీలకర్ర వేసింది, చిటపటమన్నాకే మూటలు విప్పింది. తొందరపడుంటే కిచిడీ పుట్టేది కాదు, జావ పుట్టేది."

"ముసలమ్మకి అంత నెయ్యెక్కడిది? అది చెప్పండి ముందు," అన్నాడు మేనేజరు, కుర్చీ దగ్గరికి లాక్కుని.

దాంతో నిషేధం గాల్లో కలిసింది. నెయ్యి సంగతి తేలేసరికి అక్క వచ్చి కంచం ముందు కూర్చుంది. కథ కంచికెళ్ళింది, గరిటె గిన్నెలోకి వెళ్ళింది.

గుమాస్తా కంచంలో ఓ చెంచా నెయ్యి ఎక్కువ వేస్తూ, వంటాయన ఆయన చెవిలో గొణిగాడు.

"అంతసేపు ఈదించారేంటండీ? అబద్ధం చెప్పినా నలుగురూ నమ్మేలా ఉండాలి కదా."