మహీధర్ వినే విద్య

మహీధర్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. ఆదివారాలు ఎంబీఏ క్లాసులకు వెళ్తాడు. ఎదుటివాళ్లు చెప్పింది మన మాటల్లో తిరిగి చెప్తేనే విన్నట్టని అక్కడెవరో నేర్పారు. ఇదేం చదువో గానీ, అప్పటినుంచీ అతని చెవులు మూతపడి నోరొక్కటే మిగిలింది. నాంపల్లి స్టేషన్లో రైలు కూతేసినా, గడ్డం కింద రెండు వేళ్లు ఆనించి, "అంటే, నువ్వు బయల్దేరుతున్నావన్నమాట" అంటాడు. ఆ విసుగుకే ఒక ఎక్స్‌ప్రెస్ వెనక్కి వెళ్లిపోయింది, కావాలంటే కూలీలను అడగండి.

మొన్న అబిడ్స్‌లో, ఆఫీసు కింది టీ హోటల్లో, అతని కింద పనిచేసే ఇవాంజెలిన్ అతన్ని పట్టుకుంది. అతను క్లాసులో కూర్చున్న ఆదివారాలన్నీ అతని పని కూడా చేసేది ఆమే.

"సార్, ఈస్టరు నాడన్నా చర్చికి పోనియ్యుండ్రి. క్వైర్‌ల పాడాలె."

"అంటే, నీకు పాట ముఖ్యం."

"ఔ సార్. మరి సెలవిస్తరా?"

"అంటే, సెలవు గురించి నీకు ఫికరుంది."

"అరె, ఏంది సార్ గిది! ఇస్తరా, ఇయ్యరా?"

"అంటే, నీకు స్పష్టత కావాలి." వేళ్లు గడ్డం దిగలేదు.

ఇవాంజెలిన్ టీ కప్పు పక్కకు జరిపింది. "గట్లయితే రేపటిసంది నేను రాను సార్."

"అంటే, నువ్వు ఉద్యోగం మానేస్తున్నావు."

"ఔ సార్," అంటూ ఆమె బ్యాగు భుజానికేసుకుంది. "గిదొక్కటి మంచిగ విన్నరు."