అత్తమ్మ పులియబెట్టిన నలుపు

పొద్దున ఆరూ నలభైకి నల్లా వచ్చింది. ఆ రోజుల్లో మా వాడకు ధర్మసాగర్ నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. వచ్చిన కాసేపట్లోనే ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు, చివరికి చెంబులు కూడా నింపుకోవాలి. నల్లా దగ్గరకు రాని పాత్ర మా ఇంట్లో ఒక్కటే ఉండేది. మగ్గం గదిలో ఓ మూల, సగం దాకా నేలలో పాతిపెట్టిన పెద్ద కుండ. దాని మూతికి గోనెసంచి కట్టి, మీద చెక్కపలక వేసి, ఆ పలక మీద మా అత్తమ్మ (మా నాన్నకు అక్క, నన్ను పెంచింది ఆమే) కూర్చునేది. కాపలా అని చెప్పేది గానీ, ఆమె మోకాళ్ల నొప్పికి ఆ ఎత్తు సరిగ్గా సరిపోయిందని నా అనుమానం.

మాది వరంగల్‌లో జంపఖానాలు నేసే వాడ. అప్పటికే అందరూ బజారు రంగుల నూలు తెచ్చి నేసేవాళ్లు. నేను డిగ్రీ పూర్తి చేసి, లైబ్రరీలో రంగుల మీద దొరికిన పుస్తకాలన్నీ చదివి, రసాయనాల రంగు ముట్టనని తీర్మానించుకున్నాను. (ఆ వయసులో తీర్మానాలు తొందరగా అవుతాయి.) అత్తమ్మ నా మాట ఎందుకు విన్నదో తెలియదు. వాళ్ల నాన్న కాలంలో అట్లాగే చేసేవారని మాత్రం అన్నది. జ్యూస్ బండ్ల దగ్గర దానిమ్మ తొక్కలు, హోటళ్ల వెనక ఉల్లిపొట్టు ఏరుకొచ్చి పసుపు, గోధుమ రంగులు సాధించాం. హైదరాబాద్‌లో ఒక దుకాణం మేడమ్ వాటిని చూసి, నల్ల అంచుతో ఒక జంపఖానా నేసి పంపమన్నది. బాగుంటే ఎప్పుడూ తీసుకుంటానన్నది.

ఆ ఒక్క జంపఖానా మీద మా మగ్గం బతుకు ఆధారపడి ఉంది. బాపు (నాన్నను నేను అట్లాగే పిలిచేదాన్ని) రోడ్డు పక్కన పరదా కట్టుకొని సైకిళ్లు రిపేరు చేసేవాడు. ఎండకు ఎండి, వానకు తడిసి, వీధి వైపున్న మగ్గం గదిలో షాపు పెట్టుకోవాలన్నది ఆయన కోరిక. అందులో అన్యాయం ఏమీ లేదు. "అక్కా, గిది ఆఖరు. హైదరాబాదు ఆమె వద్దన్నదంటే మగ్గం ఇప్పుత" అన్నాడు. "సరే తియ్" అన్నది అత్తమ్మ, అరిగిన ఇనుప ముక్కల కోసం ఆయన డబ్బా వైపు చూస్తూ.

నలుపు రావాలంటే పాత ఇనుము, నల్లబెల్లం నీళ్లలో వేసి మూడు వారాలు పులియబెట్టాలి. ఇనుము బాపు డబ్బాలోంచి, ఆయనకు చెప్పకుండా వచ్చింది. బెల్లం కోసం నేను బజారుకు వెళ్లాను. అవి నల్లబెల్లంతో కాచే గుడుంబా సారా మీద ఎక్సైజు వాళ్ల దాడులు జోరుగా సాగుతున్న రోజులు. నల్లబెల్లం అనగానే షావుకారు నన్ను కిందికీ మీదికీ చూశాడు. "జాతర ఎప్పుడో అయిపాయె. ఇప్పుడు బంగారం ఏ దేవతకమ్మా?" (మేడారంలో దేవతలకు ఇచ్చే బెల్లాన్ని మావాళ్లు బంగారమనే అంటారు.) రంగుకు అని చెప్పాను. "రంగుకా, మందుకా? ఆధార్ కార్డు తెచ్చినవా?" అన్నాడు. కార్డు చూపించి, బెల్లం సంచి చున్నీ కింద దాచుకొని, దొంగదానిలా ఇంటికి వచ్చాను.

రెండు వారాలు దాటేసరికి కుండ వాసన గోడ దాటింది. గోడకు అవతల జర్దా మామ ఉండేవాడు. దవడలో పాన్ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. రెండుసార్లు వచ్చి, "అక్కా, జర ఒక గిలాస వొయ్యరాదు, ఎవ్వలకు చెప్ప" అని బతిమాలాడు. రెండుసార్లూ అత్తమ్మ చీపురు చూపించింది. ఆయన అలిగాడు. ఎక్సైజు వాళ్లకు ఫోన్ చేశాడు.

అట్లా ఆ పొద్దున నల్లా కారుతుండగా, వాడ ఆడవాళ్లంతా బిందెలతో బయట ఉండగా, కానిస్టేబుల్ బండి మా గడప ముందు ఆగింది. వెనక సీటు మీద జర్దా మామ.

"ఎవరిల్లమ్మా ఇది? గుడుంబా వెడ్తాన్రట, కంప్లేంట్ వచ్చింది."

"నల్లా వోతది, జర ఆగు బిడ్డా. బిందె నిండనియ్" అన్నది అత్తమ్మ. బిందె నిండింది. దాన్ని లోపల పెట్టి, తాపీగా వెళ్లి పలక మీద కూర్చున్నది.

"అవ్వా, మీదికెల్లి లే. అది పారవొయ్యాలె."

"లెవ్వ. ఇంక రెండు రోజులైతె నలుపు అయితది. పారవోస్తె మళ్ల మూడు వారాలు. గప్పటిదాంక ఆ హైదరాబాదామె ఆగుతదా? నన్ను తీస్కపోవుడైతె కుండతోటే తీస్కపో."

నేను ముందుకొచ్చి, సహజ రంగుల చరిత్ర మొదలుపెట్టాను. "నువ్వాగమ్మా, మీ అత్తను చెప్పనియ్" అన్నాడు కానిస్టేబుల్. అత్తమ్మ కాస్త పక్కకు జరిగి మూత విప్పింది. ఆయన లాఠీతో కలియబెట్టి పైకి లేపితే, దాని కొనకు ఒక సైకిల్ చైను వేలాడుతూ వచ్చింది.

"అగో! నా చైను!" అన్నాడు బాపు. "నెలసంది ఎతుకుతాన్న గదనే అక్కా!"

"చైనేసి సారా కాస్తాన్రా?" అన్నాడు కానిస్టేబుల్.

"స్ట్రాంగ్ గావాలని ఏస్తరు సార్" అన్నాడు జర్దా మామ. "కొందరు బ్యాటరీలు గూడ ఏస్తరు."

"నీకెట్ల తెలుసు?"

"వాసన వడ్తనే తెలుస్తది సార్."

"అయితె నువ్వే రుచి చూసి చెప్పు."

ఇంత గౌరవం ఆయనకు అంతకుముందు ఎవరూ ఇచ్చి ఉండరు. చెంబు అందుకున్నాడు. "ఒద్దుర, తాగకు" అన్నది అత్తమ్మ. "నువ్వు ఒద్దంటేనే నాకు సమజైంది అక్కా" అని ఒక్క గుక్క నోట్లో పోసుకున్నాడు. మరుక్షణం వాకిట్లోకి పరుగెత్తి ఉమ్మేశాడు. ఇటు తిరిగి ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. పెదవులు, పళ్లు, నాలుక, అన్నీ బొగ్గులా ఉన్నాయి. ఆడవాళ్లు బిందెలు వదిలేసి అరిచారు. "ఏమైంది? గట్ల జూస్తరేంది?" అంటూ ఆయన కానిస్టేబుల్ బండి అద్దంలో చూసుకొని, అక్కడే కూలబడ్డాడు.

కానిస్టేబుల్ లాఠీ పక్కన పడేశాడు. "అవ్వా, మనిషి సచ్చేటట్టున్నడు. దవాఖానకు తీస్కపోవాల్నా?"

"ఏం గాదు. ఇనుము, బెల్లం. రక్తం తక్కువున్నోళ్లకు గోలీలిస్తరు, గసొంటిదే" అన్నది అత్తమ్మ. "వగరుకు ఇనుము తాకితె నల్లగైతది. మేం నూలును కరక్కాయ నీళ్లల్ల నానవెడ్తం. ఈడు నోరును వక్కల నానవెట్టుకున్నడు."

కానిస్టేబుల్ చాలాసేపు నవ్వాడు. ఆఫీసుకు ఫోన్ చేసి, మందు కాదని, రంగేనని, సాక్షి నోరు తెరిచి చూపిస్తున్నాడని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ప్రతి పొద్దునా అత్తమ్మ గోడ దగ్గరకు వెళ్లి, "ఏదిర, పండ్లు ఇగిలియ్" అని జర్దా మామను పిలిచేది. రంగు ఎంత నిలుస్తుందో ఆమెకు తెలియాలి. ఆయన తిట్టుకుంటూనే చూపించేవాడు. నాకు సిగ్గేసేది గానీ నేనూ వెళ్లి చూసేదాన్ని.

రెండు రోజుల తర్వాత కరక్కాయ పట్టించిన నూలు ఆ నీళ్లలో ముంచితే బూడిద రంగు వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. "ఇంకోపాలి" అన్నది అత్తమ్మ. ఆరబెట్టి ముంచాం, మళ్లీ ఆరబెట్టి ముంచాం. ఆమె ఇంకోపాలి అంటూనే ఉంది, నా గోళ్లు జర్దా మామ పళ్లను మించిపోయాయి. చివరికి వచ్చింది నలుపు. అంచు ఆమే నేసింది. హైదరాబాద్ మేడమ్ ఫోన్ చేసి, కొంచెం పుల్లటి వాసన వస్తోందన్నది. ఎండలో వేయమన్నాను. వేసింది. ఇంకో రెండు కావాలన్నది. బాపు పక్కనే నిలబడి విన్నాడు. సంచి సర్దుకొని, పరదా భుజాన వేసుకొని, రోడ్డు పక్కకు వెళ్లిపోయాడు. పని మానే దాకా ఆయన ఆ పరదా కిందనే ఉన్నాడు.

పోయిన వానకాలంలో అత్తమ్మ చనిపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లు ఈ సంగతే చెప్పుకొని నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పొద్దున చేనేతను కాపాడానని అనుకున్న అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తుంది. అత్తమ్మ పట్టుబట్టి దక్కించుకున్నది ఒక్క గది. ఆ గదిలో మగ్గం ఉంది, నేను నేస్తున్నాను. నలుపు ఇప్పుడు పొడిగా పొట్లంలో దొరుకుతుంది. అదీ ఇనుమే, మంచి నలుపే వస్తుంది. కుండ పగిలాక గుంట పూడ్చి బండ వేయించాం. మా వాడలో ఇప్పుడు ఎవరూ నలుపును పులియబెట్టడం లేదు.