బాబాయి నమ్మని ఫిల్ము

మా బాబాయి అనుమానించని వస్తువు ఈ భూమ్మీద లేదు. గోడ గడియారం పది చూపిస్తే చేతి గడియారాన్ని అడుగుతారు. రెండూ పదే చెబితే, "కూడబలుక్కున్నాయి" అంటారు.

అన్నిటిలోకీ ఘనమైనది ఫిల్ము మీది అనుమానం. కంప్యూటర్లోని ఫొటోలో తెలుపును నలుపుగా, నలుపును తెలుపుగా తిరగేసి, ఇంక్‌జెట్ ప్రింటర్‌తో పారదర్శకమైన ఫిల్ము మీద ముద్రిస్తారు. అదే నెగటివు. దాన్ని మందు పూసిన కాగితంపై పరచి ఎండలో పెడితే నీలిరంగు చిత్రం దిగుతుంది. శ్రామిక స్త్రీలపై నా పరిశోధనకు అలాంటివి పన్నెండు కావాలి. ఫొటోలు తీసి, చిత్రాలు దింపేది బాబాయే. పదకొండు పూర్తయ్యాయి. ప్రదర్శన శుక్రవారం. బుధవారం వచ్చినా, పన్నెండోదానికి బాబాయికి ఏ ఫిల్మూ నచ్చలేదు.

దుకాణదారు మూడు రకాలు బల్లమీద పరిచాడు.

"ఇది మంచి సరుకు సార్."

"అని ఎవరన్నారు?"

"పెట్టె మీద రాసుంది కదా!"

"పిల్లాడి బుద్ధి గురించి వాళ్ళమ్మని అడిగినట్టుంది."

బాబాయి వేలు తడిచేసి ఫిల్ము మూలకు ఆనించారు. సిరా పట్టే పూత ఉన్నవైపు వేలికి అతుక్కుంటుంది. అతుక్కుంది. తిరగేసి ఆనించారు. అతుక్కోలేదు.

"చూశావా అమ్మాయ్? ఒకే షీటు, రెండు నాలుకలు!"

దుకాణదారు నాకేసి జాలిగా చూశాడు. "ఇంట్లో కూడా ఇంతేనా అమ్మా?"

"ఇంట్లో ఇంకా తీరిగ్గా ఉంటారండీ."

మూడూ కొన్నాం. ఒకదాని మీద సిరా చుక్కలుగా పేరుకుంది. రెండోది ఎంతకీ ఆరలేదు. మూడోది నా కంటికి నిక్షేపంగా ఉంది.

"ఇది బాగానే ఉంది కదా బాబాయ్?"

"బాగున్నట్టు నటిస్తోంది."

అప్పుడు నాకు ఆయన మీదే అనుమానం కలిగింది. పదకొండింటికి సరిపోయిన పాత ఫిల్ము పన్నెండోదానికి ఎందుకు పనికిరాదు? నా ప్రదర్శన ఈయనకు ఇష్టం లేదా? ఆధారాలు లేకుండా నిర్ధారణకు రావడం నా చదువుకు విరుద్ధం కనుక, ఆయన భోజనానికి కూర్చోగానే చెత్తబుట్ట బోర్లించాను.

ఇరవైమూడు నమూనా ముక్కలు. అన్నిటిలోనూ ఒకే మనిషి, వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే ఆమె. ముఖమంతా ముద్దలాంటి ముదురు నీలం. కనిపించేవి పళ్ళు మాత్రమే.

చెయ్యి కడుక్కొని వచ్చిన బాబాయి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఫొటో తీసేటప్పుడు ఆవిడన్నది నువ్వు వినలేదు. 'నాదెందుకు బాబూ, నల్లదాన్ని, ఎవరు తీసినా పళ్ళే పడతాయి' అంది. తప్పు ఆవిడదంటే నేను నమ్మను. ఫిల్ముదే."

గురువారం ఊరి అవతలి దుకాణం నుంచి నాలుగో రకం వచ్చింది. అందులో కళ్ళు దిగాయి, చెంపమీది మచ్చ దిగింది, నుదుటి గీతలూ విడివిడిగా దిగాయి.

శుక్రవారం ఆమె ఆ చిత్రం ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"బాబూ, ఈ ముడతలన్నీ నావేనా? మీరేమన్నా కలిపారా?"

ఇన్నేళ్ళకు తనంతటి మనిషి ఎదురైనందుకు బాబాయి ముఖం వెలిగిపోయింది. జేబులోంచి భూతద్దం తీసి ఆమె చేతిలో పెట్టారు.

"నా మాట నమ్మొద్దమ్మా. మీరే చూసుకోండి."