కంటికి కనబడితేనే పిట్ట

ఉర్పోకు చెవుల మీద నమ్మకం లేదు. కంటికి కనబడనిదాన్ని ఆయన పిట్టగా ఒప్పుకోడు. మూడేళ్ళ కిందట ఉన్నట్టుండి పట్టుకున్న జబ్బు ఇది.

మంచు మేటలేసే మా కూహ్మో అడవుల్లో ఏటా నడి చలికాలంలో పక్షుల్ని లెక్కపెడతాం, జట్టుకొక దారి చొప్పున. మా దారికి మనుషులం ముగ్గురం. స్కీల మీద ముందు సాగేదీ, కాగితం మీద లెక్క రాసేదీ రౌనీ. ముప్పై ఒక్క చలికాలాలుగా ఆవిడే. చివర ఉర్పో. మధ్యలో, ఇద్దరి చేతా తిట్లు తినడానికి, నేను.

"వడ్రంగి పిట్ట కొడుతోంది, రాసుకో రౌనీ" అంటాను.

"చూశావా?" అంటాడు ఉర్పో.

"వినబడుతోందిగా."

"మా ఇంట్లో రేడియోలో మంత్రిగారు వినబడతారు. మా వంటింట్లో ఉన్నట్టా?"

ఇక ఆ పిట్ట దర్శనమిచ్చేదాకా కదలడానికి వీల్లేదు. కిందటేడు ఒక బొంతకాకి మబ్బులో అరుచుకుంటూ పోయింది. ఉర్పో మమ్మల్ని ఇరవై నిమిషాలు నిలబెట్టాడు. నా మీసాలు గడ్డకట్టి, బన్ను తిందామంటే నోరు తెరుచుకోలేదు. "మర్యాద తెలిసిన కాకి అయితే తిరిగొస్తుంది" అన్నాడు. రాలేదు. రాయలేదు.

చుట్టుపక్కల దారులన్నిటిలో మా లెక్కే తక్కువ. ఈ ఏడు లెక్క పెట్టించే పక్షుల సంఘం నుంచి ఉత్తరం వచ్చింది: వినబడినవి కూడా రాయాలి, అది నియమం. కాఫీకి ఆగినప్పుడు అందరి ముందూ చదివి ఉర్పో నోరు మూయిద్దామని జేబులో పెట్టుకున్నాను.

దారిలో, స్ప్రూస్ చెట్టు కొమ్మల్లో సూదిమొనలాంటి కూత. పసుపు పాపిట ఉన్న బొటనవేలంత పిట్టది. నేను నోరు తెరిచేలోపే ఉర్పో తల సరిగ్గా ఆ కొమ్మ వైపు తిరిగింది.

"నీకు వినబడింది" అన్నాను.

"మెల్లగా మాట్లాడు. రెండున్నాయి."

"మరి మూడేళ్ళుగా ఈ వేషాలేమిటి?"

గడ్డంతో రౌనీని చూపించాడు. ఆవిడ ఆ కూత కిందనుంచే సాగిపోతోంది.

"మాటలు బాగానే వింటుంది. సన్నకూతలు అందట్లేదు. ఆ సంగతి ఆవిడకే తెలియదు. చర్చిలో ఒక్క స్వరం తప్పిందని ఆ ఆదివారమే పాడటం మానేసిన మనిషి. ఇది తెలిస్తే స్కీలు అటకెక్కిస్తుంది. కళ్ళు మాత్రం డేగకళ్ళు. అందుకని కళ్ళతోనే లెక్క."

తర్వాత గొంతు పెంచాడు. "రౌనీ, ఇక్కడేమీ లేనట్టుందే?"

రౌనీ ఆగి చెట్టును పైనుంచి కిందకి చూసింది. "లేకపోవడమేమిటి? మూడున్నాయి. మగాళ్ళకి కళ్ళెందుకిచ్చాడో దేవుడు."

మూడోది కూయకుండా కూర్చుంది.

కాఫీకి ఆగాం. ఉర్పో ఎండుపుల్లల కోసం వెళ్ళగానే రౌనీ నా పక్కకి జరిగింది.

"ఆర్వో, సంఘం ఉత్తరం నాకూ వచ్చింది. ఉర్పో ముందు చదవకు."

"ఏం?"

"పాపం, వాడికి చెవుడు. చెప్పుకోలేక చూశావా, చూశావా అంటాడు. వినబడినవి రాయాలంటే చిన్నబోయి రావడం మానేస్తాడు. నువ్వేమీ ఎరగనట్టుండు."

బన్ను మొత్తం నోట్లో కుక్కుకున్నాను. లేకపోతే నవ్వు బయటికొచ్చేది. ఉత్తరం మంట రాజేయడానికి పనికొచ్చింది.

మళ్ళీ బయల్దేరాం. పక్క చెట్టులో సన్నగా ఏదో కూసింది.

"ఆర్వో, ఏమన్నా ఉందా?" అంది రౌనీ, నా తల అటు తిరగడం చూసి.

వెనక ఉర్పో ఊపిరి బిగబట్టాడు.

"చూస్తేగానీ చెప్పలేను" అన్నాను.

ముగ్గురం తలలెత్తి నిలబడ్డాం. నా మీసాలు గడ్డకట్టడం మొదలైంది.