చుట్టపుచూపు దడ

ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాక, అరవై రెండో ఏట, నా గుండెకే లెక్కలు రావని తెలిసింది. ఒకటి, రెండు, మూడు అని వరసగా కొట్టుకోవాల్సింది పోయి ఒకటి, నాలుగు, రెండున్నర, కాసేపు విరామం, ఆ తర్వాత ఒక్కసారే పదకొండు అని కొట్టుకోవడం మొదలెట్టింది. క్లాసులో ఎవడైనా అలా లెక్కపెడితే బెంచీ ఎక్కించేవాణ్ణి. గుండెను ఏం ఎక్కిస్తాం? దాంతోపాటు నేనూ కారెక్కి రాజమండ్రి వెళ్ళాను.

డాక్టరుగారు ఈసీజీ కాగితం చూసి దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారన్నారు. గుండెలో పైన ఉండే రెండు గదులూ క్రమం తప్పి వణుకుతాయట. నాది ఎప్పుడూ ఉండేది కాదనీ, అప్పుడప్పుడూ వచ్చి దానంతటదే తగ్గే రకమనీ చెప్పారు.

"అంటే చుట్టపుచూపుగా వచ్చిపోతుందన్నమాట" అన్నాను.

"అంతేనండి. వచ్చిన చుట్టం ఎప్పుడొచ్చిందో, ఎంతసేపుందో మాత్రం రాసిపెట్టండి" అన్నారాయన.

అప్పటినుంచీ మా ఇంట్లో దాని పేరు చుట్టం. మూడో కాఫీ తాగితే వస్తుంది. ఎండలో తిరిగి నీళ్ళు తాగడం మరిచిపోతే వస్తుంది. పెళ్ళిభోజనంలో "ఇంకొక్క గారె వేసుకోండి" అన్న మాటకు లొంగితే వస్తుంది. ఏ పాపమూ చేయకుండా పేపరు చదువుకుంటున్నా వస్తుంది. రాగానే కుర్చీలో చేరగిలబడి, నీళ్ళు తాగి, డాక్టరుగారు ఇందుకోసమే రాసిచ్చిన మాత్ర వేసుకుని, నోట్సులో టైము వేసుకుని కూర్చుంటాను. రెండు మూడు గంటలకు అది వెళ్ళిపోతుంది. వెళ్ళొస్తానని కూడా చెప్పదు. ఉన్నట్టుండి ఇల్లు సద్దుమణిగినట్టుంటుంది, అంతే. తగ్గకపోయినా, కళ్ళు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే ఆసుపత్రికి రావాలనీ, అది కూడా నేను బండి నడుపుకుంటూ రాకూడదనీ డాక్టరుగారి ఆజ్ఞ.

ఇవి కాక రోజూ రక్తం పలచబడడానికి ఒక మాత్ర. రక్తం పలచనైతే పరవాలేదు గానీ, ఊళ్ళో నేను పలచన కాకూడదని నా బాధ. ఎందుకో చెప్తాను.

మావైపు మనిషికి ఒంట్లో బాగాలేకపోతే తెలిసినవాళ్ళందరూ వచ్చి చూడాలి. రాకపోవడం తప్పు. వాళ్ళు రావడానికి వీలుగా కబురు చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు. మా స్కూలు సైన్సు మాస్టారికి అపెండిక్సు ఆపరేషనైనప్పుడు, వచ్చినవాళ్ళందరికీ కడుపునొప్పి మొదలైన క్షణం నుంచి కథంతా చెప్పీ చెప్పీ, కుట్లకంటే ముందు ఆయన గొంతు పోయింది. వాళ్ళావిడకు కాఫీలు కలపలేక చెయ్యి పోయింది. అపెండిక్సుకే అంత జనం వస్తే గుండెకు షామియానా వేయించాలి. వచ్చినవాళ్ళు "ఎలా ఉందండీ దడ?" అని అడుగుతుంటేనే మళ్ళీ దడ వస్తుంది.

అందుకని మొన్న శీతాకాలంలో ఒకసారి చుట్టం ఎంతకీ కదలక, ఆసుపత్రివాళ్ళు నన్ను రెండురోజులు ఉంచేసినప్పుడు, మా ఆవిడతో చెప్పాను. "ఎవరడిగినా పెనుగొండ అమ్మవారి దర్శనానికి వెళ్ళామని చెప్పు."

"దేవుడి మీద పెట్టి అబద్ధం చెప్పమంటారేంటండీ?"

"దేవుడి మీద కాదుగా, అమ్మవారి మీద."

ఆవిడ నాకేసి చూసిన చూపు ఈసీజీలో రాదు. అయినా చెప్పింది.

మేం మా ఊరు మండపేట తిరిగొచ్చిన సాయంత్రమే మా బావగారొచ్చారు. మా అక్కయ్య భర్త ఆయన. రైసుమిల్లు ఉంది. నా పన్నెండో ఏట మా నాన్న పోతే, ఆ తర్వాత నాకు సైకిలు తొక్కడం, కాలవలో ఈత కొట్టడం నేర్పింది ఆయనే. ఏళ్ళ తరబడి సాయంత్రాలు మిల్లు వరండాలో ఆయన పక్క కుర్చీ నాది. నన్ను "ఒరేయ్" అనే మగవాళ్ళలో మిగిలింది కూడా ఆయనే. కోపం వస్తే మాత్రం మర్యాద పెంచేస్తారు.

"దర్శనం బాగా అయిందిరా?"

"బ్రహ్మాండంగా అయిందండి బావగారూ. జనం కూడా పెద్దగా లేరు." నేను లెక్కల మాస్టార్ని కదా, ఒక్క స్టెప్పు కూడా వదలను. ఎన్నింటికి బయల్దేరామో, వంతెన మీద ఎంతసేపు ఆగామో, క్యూలో మా ముందు ఎంతమంది ఉన్నారో చెప్పాను. మా ఆవిడ రాజమండ్రి మిఠాయికొట్లో కొన్న లడ్డూని పళ్ళెంలో పెట్టి తెచ్చి, తలెత్తకుండా ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన దాన్ని కళ్ళకద్దుకున్నారు. అద్దుకుని, తినకుండా, నా ఎడమచేతి వంక చూశారు. సూది తీసేశాక అతికించిన దూది, ప్లాస్టరు అక్కడే ఉన్నాయి. రెండురోజులుగా అలవాటైపోయి పీకడం మరిచిపోయాను.

"ఏంటండీ మాస్టారూ, మీరు వెళ్ళిన పెనుగొండలో తీర్థంతోపాటు సెలైను కూడా పెడుతున్నారా?"

మీరు, అండి, మాస్టారు. మూడు మర్యాదలూ ఒక్క వాక్యంలో పడ్డాయి. నేను నిజం చెప్పేలోపే ఆయన లేచి నిలబడ్డారు.

"పరాయివాళ్ళకి చెప్పక్కర్లేదులెండి. వస్తానమ్మా చెల్లెమ్మా" అని మా ఆవిడకు వినపడేలా అని, లడ్డూ పళ్ళెంలోనే పెట్టి వెళ్ళిపోయారు.

నాలుగు నెలలు మాటల్లేవు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మిల్లుకు వెళితే గుమాస్తా కుర్చీ వేశాడు. ఆయన మాత్రం ధాన్యం లోడు చూసుకోవాలని పెరట్లోకి వెళ్ళిపోయారు. మా అక్కయ్య మధ్యాహ్నాలు వచ్చి, "ఆయన్ని నేను మార్చలేనురా, నువ్వేమో మారవు" అని తిట్టి, తెచ్చిన గోంగూర పచ్చడి ఇచ్చి వెళ్ళేది. సాయంత్రం అయితే ఏం చేయాలో తోచేది కాదు. చుట్టం నెలకోసారైనా వచ్చిపోయేది. చుట్టరికం రావడం మానేసింది.

రెండోపంట దాళ్వా ధాన్యం మిల్లులకు వస్తున్న ఎండాకాలం రోజులు. మా ఆవిడ రాజమండ్రిలో గృహప్రవేశానికి వెళ్ళింది. పొద్దున్న పది గంటలకు మొక్కలకు నీళ్ళు పోసి లోపలికొచ్చేసరికి మొదలైంది. కూర్చున్నాను. నీళ్ళు, మాత్ర, నోట్సు. ఈసారి నోట్సులో గీతలు రెండుగా కనపడ్డాయి. కళ్ళు తిరుగుతున్నాయి.

నూట ఎనిమిదికి ఫోన్ చేయడమే సరైన పని. మీరైతే అదే చేయండి. నాకు మాత్రం ఆ క్షణంలో రెండు వీధుల అవతలున్న కారూ, దాని యజమానీ గుర్తొచ్చారు. ఎత్తకపోతే అప్పుడు నూట ఎనిమిది అనుకుని ఆయన నంబరు నొక్కాను. ఎత్తారు.

"బావగారూ, దడ వచ్చిందండి."

అవతల మిల్లు చప్పుడు.

"కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాను.

"తలుపు గడియ తీసి కూర్చోండి. లేవకండి" అన్నారు. గడియ తీయాలంటే లేవాలి కదా అని అడిగే ఓపిక లేక, లేచి తీసి కూర్చున్నాను.

వచ్చారు. తౌడు పట్టిన బనీను, లుంగీ, భుజాన తువ్వాలు. నన్ను చంకలో చెయ్యేసి పట్టుకుని కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, తిన్నగా ముందుకు చూస్తూ అడిగారు.

"ఎటు పోనివ్వమంటారండీ? పెనుగొండకేనా?"

నవ్వొచ్చింది. నవ్వితే దడ ఇంకా ఎక్కువైనట్టనిపించింది. "నవ్వించకండి బావగారూ" అన్నాను.

"నేనెవర్నండి మిమ్మల్ని నవ్వించడానికి?"

కాలవగట్టు రోడ్డు మీద ముందు ధాన్యం ట్రాక్టరు. హారను కొట్టారు. ట్రాక్టరు పక్కకు తప్పుకున్నా కొడుతూనే ఉన్నారు.

"మా నాన్నకు పొద్దున్నే నొప్పొచ్చింది" అన్నారు, నన్నుగానీ ట్రాక్టర్ని గానీ చూడకుండా. "ఇంట్లో మా చెల్లి నిశ్చితార్థం. అందరూ కంగారుపడతారని చెప్పలేదు. పందిట్లో కూర్చుని వచ్చినవాళ్ళని పలకరిస్తూనే ఉన్నాడు. మాకు తెలిసేసరికి చెప్పడానికి ఆయన లేడు." హారను మీదనుంచి చెయ్యి తీసి, "జనం వస్తారనేనా నీ భయం? నాకొక్కడికి చెప్తే నేనొక్కణ్ణే కదరా వచ్చేది" అన్నారు.

పొరపాటైందని చెబుదామంటే ఆ మాట చిన్నదనిపించింది. "ఇంక దాచనండి" అన్నాను. ఆయన ఏసీ నావైపు తిప్పారు.

ఆసుపత్రిలో వైర్లు అంటించారు, సెలైను పెట్టారు. ఎండకు నీళ్ళు చాలక కూడా ఇలా అవుతుందన్నారు డాక్టరుగారు. మధ్యాహ్నం రెండింటికి తెర మీద గీతలు బుద్ధిగా వరసకట్టాయి. బావగారు మంచం పక్కన స్టూలు మీదనుంచి లేవలేదు. ఫోన్ చేసినవాళ్ళందరితో "నేనున్నాను, ఎవరూ రానక్కర్లేదు" అని గట్టిగా చెప్పి పంపించేశారు. గృహప్రవేశం నుంచి పరుగెత్తుకొచ్చిన మా ఆవిణ్ణి కూడా గుమ్మంలో ఆపి, ముందు కళ్ళు తుడుచుకోమన్నాకే లోపలికి రానిచ్చారు. నర్సమ్మను అడిగి నాడి చూడడం నేర్చుకున్నారు. వేళ్ళతో చూడాలండీ, బొటనవేలితో కాదు, అని ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది.

ఇప్పుడు రోజూ పొద్దున్న ఏడింటికి మిల్లుకు వెళుతూ మా ఇంటికొస్తారు. చెప్పులు వదిలి, నా చెయ్యి లాక్కుని, గడియారం చూస్తూ నిమిషం పాటు పెదాలు కదిపి, వచ్చిన అంకె నా నోట్సులో వేస్తారు. మొదటివారం ఊరుకున్నాను. అంత శ్రద్ధగా లెక్కపెడుతున్న మనిషిని మధ్యలో ఆపడానికి మనసొప్పలేదు. ఎనిమిదో రోజున ఇక దాచలేక చెప్పేశాను.

"బావగారూ, మీరు బొటనవేలితో పడుతున్నారండి. అలా పడితే తెలిసేది మీ నాడే. ఈ వారమంతా మీ గుండెనే లెక్కపెట్టారు."

ఆయన వేలు తీసి ఒకసారి చూసుకున్నారు.

"వారం ఆగి చెప్తావేంట్రా?"

"మీకు నిమిషానికి ఎనభై దాటడం లేదండి. బాగానే ఉంది."

"నాది ఎవడడిగాడు?" అంటూ మూడువేళ్ళూ పక్కపక్కన పెట్టి, నా మణికట్టు మీద వెతికి వెతికి, ఒకచోట ఆగారు. "ఆఁ, దొరికింది. మాట్లాడకు. మళ్ళీ మొదటినుంచీ."