పల్లకి కర్ర కింద చోటు

దసరాకు నాలుగు రోజుల ముందు, శుక్రవారం పొద్దున తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు జీపు ఆగిపోయింది. పట్నంలో సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక అపార్ట్‌మెంటు గేటులో ఎనిమిదేళ్లు వచ్చేవాళ్ల టైము, పోయేవాళ్ల టైము రాసినవాణ్ణి. ఏం జరిగినా ముందు గడియారమే చూస్తాను. ఎదురుగా కొండ విరిగి రోడ్డు మీద పడి ఉంది. డ్రైవరు దిగి, ఆ రాళ్ల వైపు ఒకసారి చూసి బీడీ ముట్టించాడు. ఇక నడవాల్సిందే.

నాతో ఉన్నవాడు ఆ గేటులో నాకు జోడీ. పగలు నేను, రాత్రి వాడు. నలభై ఏళ్లుంటాయి. హిమాలయాల్లో వాడిదే చివరి ఊరు, అది దాటితే మంచే. ఇన్నేళ్లు మా మధ్య ఉండి మా మాటే మాట్లాడతాడు. రెండు రోజులు రైల్లో, ఒక రోజు బస్సులో కూర్చునేసరికి నా నడుము కర్రలా బిగుసుకుపోయింది.

ఆ రోజు వాళ్ల ఊరి జాతర. ఎండాకాలమంతా పైన మేసిన గొర్రెలు ఊళ్లోకి దిగుతాయి, దేవుడు పల్లకిలో వాటికి ఎదురు పోతాడు. ఆ పల్లకిని ఎనిమిది ఇళ్లవాళ్లు మోయాలి. ఇంటికొక మనిషి, ఇంటికొక చోటు. మూడేళ్లు వరుసగా ఇంటి మనిషి రాకపోతే ఆ చోటు వేరే ఇంటికి పోతుంది, మళ్లీ రాదు. వీడు రెండేళ్లు పోలేదు. మొదటి ఏడు సెలవు దొరకలేదు. రెండో ఏడు నేను మోకాళ్లతో మంచం పడితే నా డ్యూటీ కూడా వాడే చేశాడు. ఇది మూడో ఏడు. పల్లకి లేచేది మధ్యాహ్నం పన్నెండుకు.

నన్నెందుకు వెంట పెట్టుకున్నాడంటే, నేను గొర్ల కాపరిని. శామీర్‌పేట అవతల మేము మేపిన బీళ్లన్నిట్లో ప్లాట్ల రాళ్లు పాతారు. మంద అమ్మేసి గేటు కుర్చీలో కూర్చున్నాను. రిజిస్టరు రాయాలంటే అక్షరం రావాలి. యాభై ఆరేళ్లకు, గేటు పక్కన ఇస్త్రీ చేసే ఆమె దగ్గర దిద్దుకున్నాను. "కాకా, ఒక్కపారి మా ఊరికి రా. గొర్లంటే ఏందో సూపిస్త" అని వాడు ఏటేటా పిలిచేవాడు. బయల్దేరేటప్పుడు నా భార్య ఒక్కటే మాట అంది: "మూడో అంతస్తు ఎక్కనీకె నాలుగుసార్లు కూసుంటవు. నీకు గుట్టలు గావాల్నా?"

ఆమె అన్నదే నిజమైంది. జీపు ఆగినచోటి నుంచి ఊరు వాళ్లకు గంటన్నర దారి. నేను మలుపు మలుపుకూ కూలబడ్డాను. ఎంత పీల్చినా గాలి సగమే లోపలికి పోతోంది.

"నువ్వు పో," అన్నాను. "తొవ్వ ఒక్కటే గద. నేను మెల్లగ వస్త."

"నిన్నీడ ఇడిశిపోతే రేపు చిన్నమ్మకు ఏం జెప్పాలె?"

"ముసలోన్ని గుట్టకు ఇచ్చొచ్చిన అను. మస్తు సంబురపడ్తది."

వాడు ఫోనులో టైము చూశాడు. పది నలభై.

"జర లే కాకా. ఇంకో అరగంట, అంతే."

"గీ అరగంట నువ్వు గంట సంది జెప్తున్నవు."

అప్పుడు వెనక గంటల చప్పుడు వినిపించింది. పక్క కొండ మీది నుంచి ఒక మంద మా దారిలోకి దిగుతోంది. తెల్లటి గొర్రెలు, ముందు ఒక మేకపోతు. దారి సన్నం. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. మంద అమ్మి ఏళ్లయినా నా ఒళ్లు మర్చిపోలేదు. బుజం మీది నల్ల గొంగడి విప్పి, చెయ్యి చాచి, లోయ అంచున నిలబడ్డాను. మా దగ్గర కాపరి అలా నిలబడితే మంద రెండో పక్కకు ఒరుగుతుంది, ఒక్కటీ జారదు.

ఆ గొర్రెలు పుట్టినప్పటి నుంచీ నల్ల గొంగడి చూడలేదు. మేకపోతు ఎగిరి వెనక్కి తిరిగింది. మంద రెండుగా చీలి, సగం పైన రాళ్లల్లోకి పోయింది. వెనక వస్తున్న కాపరి ముసలివాడు, నడుముకు ఉన్ని తాడు చుట్లు చుట్లుగా చుట్టుకున్నాడు. తిట్టుకుంటూ వచ్చాడు. భాష రాకపోయినా తిట్లు తెలిశాయి. ముప్పై ఏళ్లు నేను తిట్టినవీ అవే.

"ఏమంటుండు?" అని అడిగాను.

"నిన్నేం అంటలేడు. గొంగడినే."

"ఆయనతోని నేనుంట. నువ్వు ఊరికి ఉరుకు. నీ చోటు పోతది."

"నువ్వెక్కుతవా గా రాళ్లు?"

వాడు సంచి కింద పడేసి రాళ్లెక్కాడు. గొర్రెలన్నీ దారిలోకి వచ్చేసరికి పన్నెండుకు ఇరవై నిమిషాలు తక్కువ. కాపరి ఒక కాలు కుంటుతున్న గొర్రెపిల్లను ఎత్తుకుని, మమ్మల్ని పొమ్మని చెయ్యి ఊపాడు.

చివరి ఎక్కుడులో ఉండగా పైన డప్పులు మోగాయి. వాడు ఆగాడు.

"లేసింది," అన్నాడు. నా చెయ్యి పట్టి పైకి లాగాడు. నువ్వు ఉరుకు అందామనుకున్నాను. ఊపిరి ఉంటే కదా.

మేము పోయేసరికి పల్లకి ఊరి బయట వాగు దగ్గర దిగి ఉంది. అక్కడ కాసేపు ఆపి, మళ్లీ గుడికి ఎత్తుకుపోతారట. వీడి చోటులో వేరే ఇంటి మనిషి నిలబడి బుజం రుద్దుకుంటున్నాడు. వీడి తల్లి ఎదురొచ్చింది. కొడుకును దగ్గరికి తీసుకోలేదు. ఏదో అడిగింది, వాడు తల దించుకున్నాడు. ఊరి పెద్ద మూడు వేళ్లు చూపించాడు. మూడేళ్లు. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను ముందుకు పోయి నాకొచ్చిన హిందీలో చెప్పాను, తప్పు నాది, నా గొంగడికి గొర్రెలు బెదిరాయి, వాటిని తోలుకురావడంలోనే వీడికి ఆలస్యమైందని. అందరూ గొంగడి వైపు చూశారు. ఊరి పెద్ద తల అడ్డంగా ఊపాడు. వచ్చినవాళ్లందరూ ఏదో ఒకటి చెప్తారు కదా. గేటు దగ్గర నేనూ అట్లాగే ఊపేవాణ్ణి.

అంతలో ఆ మంద వచ్చింది. కుంటి పిల్ల ఇంకా కాపరి చేతుల్లోనే ఉంది. నా మీద కోపం ఆయన మొహంలోంచి పోలేదు. ఊరి పెద్ద కాపరిని ఏదో అడిగాడు, ఆయన రెండు మాటల్లో చెప్పాడు. ఊరి పెద్ద వీడి చోటులో ఉన్న మనిషిని తప్పుకొమ్మన్నాడు.

"ఏమైంది?" అన్నాను.

వాడు బూట్ల తాళ్లు విప్పుతూ చెప్పాడు. "గొర్లన్నీ వచ్చినయా అని అడిగిండు. ఒక్కటి గూడ తప్పలే, వీడే రాళ్లెక్కి తోలుకొచ్చిండు అని కాపరి జెప్పిండు. జాతర గొర్ల కోసమే గద కాకా. గొర్లతోని ఆగినోడు ఆలస్యమైనట్టు గాదంట. మా చోటు మాకే ఉంటదంట, ఈడికెల్లి గుడి దాక నన్నే మోయమన్నరు."

తప్పుకున్నవాడు సణుగుతూ పోయాడు. వీడు బూట్లు విడిచి, కర్ర కింద బుజం పెట్టాడు. పల్లకి లేచింది.

నాకు సంతోషపడే ఓపిక కూడా లేదు. గుడి దాకా పోలేదు. వాగు ఒడ్డున రాయి మీద కూర్చున్నాను. వీడి తల్లి వచ్చి గొంగడి అంచు వేళ్లతో నలిపి చూసింది, ఉన్ని పోగు ఒకటి లాగి చూసింది. తర్వాత గొంగడిని నా మోకాళ్ల మీద కప్పి, పల్లకి వెనక పోయింది.

రాసే అలవాటు కాబట్టి రాస్తున్నాను. మధ్యాహ్నం ఒంటిగంట పది నిమిషాలకు అక్కడ ఉన్నవాళ్లు: పల్లకి కింద నా జోడీవాడు, మిగతా ఏడు ఇళ్లవాళ్లు, డప్పులవాళ్లు, ఊరి పెద్ద, సణిగినవాడు, నా జోడీవాడి తల్లి, ఊరి జనం, కాపరి, ఆయన చేతుల్లో కుంటి పిల్ల, మేకపోతు, మంద మొత్తం, వెనక రాయి మీద నేను.