గంజాయి పూగుత్తిలో పురుగు

నడుము ఆపరేషన్ అయిన మరుసటి ఏడాది, మంచు పడడం ఆగిపోయాక, మా ఆయన పెరట్లో రెండు గంజాయి మొక్కలు పెట్టారు. మేముండే ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో అది నేరం కాదు. మనిషికి రెండు చొప్పున, ఆరుబయట, పిల్లల చేతికి అందకుండా పెంచుకోవచ్చు. అయినా ఆ పేరు పలకడానికే నాకు జంకుగా ఉండేది. గుంటూరు దగ్గర పత్తి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. గంజాయి అంటే మాకు తెలిసింది పోలీసు కేసు ఒక్కటే. ఆదివారాలు మన తెలుగువాళ్లను భోజనానికి పిలవడం మెల్లగా మానేశాను.

హైవే మీద వెనకనుంచి ట్రక్కు గుద్దినప్పుడు ఆయన వెన్నుపూస దెబ్బతింది. ఆపరేషన్ తర్వాత నడక వచ్చింది గాని ఎడమ కాలి నొప్పి పోలేదు. కరెంటు తీగ తగిలినట్టు ఉంటుందనేవారు. మాత్రలు వేసుకుంటే మత్తుగా ఉండి ఆఫీసు పని సాగేది కాదు, మానేస్తే నిద్ర పట్టేది కాదు. గంజాయితో నొప్పి తగ్గుతుందేమోనని, డాక్టరుకు చెప్పాకే మొక్కలు పెట్టారు. అది వాడుతున్నంత కాలం కారు నడపొద్దని ఆవిడ గట్టిగా చెప్పింది.

మొక్కలు మోకాలెత్తు ఎదిగేసరికి ఆయనలో మళ్లీ హుషారు కనిపించింది. పొద్దున్నే భూతద్దం పట్టుకుని ఆకుల అడుగుభాగం చూసేవారు. లేత కొమ్మలకు రసం పీల్చే పేనుబంక పురుగులు పట్టినప్పుడు గొట్టంతో నీళ్లు బలంగా కొట్టి రాల్చేశారు. అవి కార్చే తియ్యటి బంక కోసం ఎగబాకే చీమలకు అడ్డంగా కాండానికి జిగురు పట్టీ చుట్టారు. కొన్నాళ్లకు ఎర్రటి ఒంటి మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగులు వాటంతట అవే వచ్చి మిగిలిన పేనుబంకను తినేశాయి. వాటిని చూపించడానికి మా అమ్మాయిని మొక్కల చుట్టూ కట్టిన కంచె దాకా పిలిచారు. దానికప్పుడు పన్నెండేళ్లు. కంచె ఇవతలే నిలబడి చూసి, "కూల్ నాన్నా" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇక్కడి ఎండాకాలం చివర్లో, ఫిబ్రవరిలో పూగుత్తులు కట్టాయి. ఒకరోజు పచ్చగా ఉన్న గుత్తి మధ్యలో ఒక్క ఆకు ఎండిపోయి కనిపించింది. ఆయన దాన్ని లాగితే గుత్తి లోపలంతా బూడిదరంగు బూజు. ఇంకాస్త విప్పితే పురుగు. నేను చూడగానే గుర్తుపట్టాను. మా నాన్న చేలో పత్తి కాయల్ని తొలిచేసిన శనగపచ్చ పురుగే. దాని వెనక నల్లటి రెట్ట, ఆ రెట్ట తడికి బూజు. ఇంత దూరం వచ్చినా అది నన్ను వెతుక్కుంటూ వచ్చినట్టు అనిపించింది.

అప్పటినుంచి సాయంత్రాలు ఇద్దరం పట్టకారుతో పురుగులు ఏరేవాళ్లం. బూజు పట్టిన గుత్తుల్ని కత్తిరించి సంచిలో కట్టి పారేసేవాళ్లం. ఆయన వంగలేక మొక్క పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవారు. ఒక వారమంతా ముసురు పట్టింది. మబ్బు విడిచాక చూస్తే పై గుత్తులకు కూడా చిల్లులు పడ్డాయి. ఆయన ఆ రోజు అన్నం తినలేదు.

మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చి కారు దిగగానే వాసన తగిలింది. చిన్నప్పుడు నాన్న చొక్కాకు ఉండే మందు వాసన. పెరట్లోకి పరిగెత్తాను. గులాబీలకు కొట్టే పురుగుమందు సీసా స్టూలు మీద ఉంది. రెండు మొక్కలూ తడిసి మెరుస్తున్నాయి.

"పూల మీద కొట్టారా?" అని అడిగాను.

"ఇంకేం చెయ్యమంటావు? అన్నీ పోతున్నాయి."

సీసా మీద రాసింది చదివి వినిపించాను. తినే మొక్కలకు వాడొద్దని ఉంది. మొక్క లోపలికి ఇంకిపోయే మందది. రెండు రోజులు ఆగి కడిగేస్తానన్నారాయన. కడిగితే పోదన్నాను.

"ఇది కాల్చి పీలిస్తే ఆ విషం తిన్నగా మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేను ఒప్పుకోను."

ఆయన నా చేతిలోంచి సీసా తీసుకుని మూత బిగించారు. తర్వాత నెమ్మదిగా, "ఇది కూడా లేకపోతే నా దగ్గర ఇంకేం లేదే" అన్నారు.

ప్రమాదం తర్వాత ఆయన నాతో అంత నిజం చెప్పడం అదే మొదలు. ఆయనే కత్తెర అందుకుని రెండు మొక్కల్నీ మొదలంటా నరికేశారు. రెండోదాని దగ్గర కాలు పట్టేసి కూలబడిపోతే అమ్మాయి కంచె దాటి వచ్చి లేపింది. "నాన్నా, ప్లీజ్ సిట్ డౌన్" అంటూ అది ఏడ్చేసింది.

ఆ చలికాలం ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఆయన మళ్లీ మాత్రలే మొదలుపెట్టారు.

మరుసటి ఏడాది, పురుగు రాకముందే మేల్కోవాలని, ఇద్దరం కలిసే మొదలుపెట్టాం. గాలి, ఎండ తగిలే చోట కొత్త మొక్కలు పెట్టాం. లోపలి ఆకులు పలచబరిచాం, నీళ్లు ఆకుల మీద పడకుండా మొదలు దగ్గరే పోశాం. పురుగులకు కొట్టే వేపనూనె పూలకు అంటకుండా పూతకు ముందే ఆపేశాం. పూత మొదలు కాగానే, గొంగళి పురుగుల్ని మాత్రమే చంపే బాక్టీరియా పొడి నర్సరీలో తెచ్చి, నీళ్లలో కలిపి, ఎండ తగ్గాక పిచికారీ చేశాం. గుడ్లలోంచి అప్పుడే బయటపడిన పిల్లపురుగులకే అది బాగా పనిచేస్తుంది. ఆలస్యమైతే లాభం లేదు.

పురుగు చాలావరకు ఆగింది. బూజు ఆగలేదు. ఇక్కడ చలి మొదలయ్యే ఏప్రిల్ మంచుకు సగం పోగా మిగిలింది కోసి ఎండబెట్టారు. దాంతో కొన్ని రాత్రులు ఆయన నిద్రపోయారు. కొన్ని రాత్రులు మంచం అంచున కూర్చుని కాలు నొక్కుకుంటూనే ఉన్నారు. నొప్పి పోతుందని మేము పెట్టుకున్న ఆశంత పెద్దగా ఆ మొక్క ఏమీ చెయ్యలేదు.

ఇప్పుడు మళ్లీ మొక్కలు పెట్టే అక్టోబరు చివరికొచ్చింది. మొక్కలుండే మడి ఖాళీగానే ఉంది. ఈసారి పెడతారా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నిన్న వంటింటి కిటికీలోంచి చూస్తే ఆయన మడి పక్కన స్టూలు మీద కూర్చుని కాలు రుద్దుకుంటున్నారు. టీ తీసుకెళ్లి ఇచ్చి, నేనూ పక్కన నేల మీద కూర్చున్నాను.